రెండు మానిటర్ల లైనక్స్‌లో ఏ విండో ఎక్కడ తెరుచుకుంటుంది?

లైనక్స్ డెస్క్‌టాప్‌కు రెండు మానిటర్లు తగిలించినప్పుడు, ఏ ప్రోగ్రాం ఏ తెర మీద తెరుచుకోవాలో చివరికి తేల్చేది విండో మేనేజర్. బ్రౌజర్ సెట్టింగుల్లోనో ఎడిటర్ సెట్టింగుల్లోనో ఎంత వెతికినా సాధారణంగా ఈ ఆప్షన్ దొరకకపోవడానికి కారణం అదే.

పాత ఎక్స్11 పద్ధతిలో రెండు మానిటర్లూ కలిసి ఒకే పెద్ద తెర. ఎడమ మానిటర్ వెడల్పు 1920 పిక్సెళ్లయితే, 0 నుంచి 1919 వరకు దాని హద్దు. 1920 దగ్గర కుడి మానిటర్ మొదలవుతుంది. ఎక్స్‌టెర్మ్ లాంటి ప్రోగ్రాంకు జామెట్రీ ఆప్షన్‌లో ‘ప్లస్ 1920 ప్లస్ 0’ అని ఇస్తే, కుడి తెర మీద చోటు అడుగుతుంది. అది అభ్యర్థన మాత్రమే, విండో మేనేజర్ ఒప్పుకోవాలి.

ఎక్స్‌ర్యాండ్ఆర్ కమాండ్‌తో ఒక మానిటర్‌ను ప్రైమరీ చేస్తే విండోలన్నీ అక్కడికే వస్తాయని చాలామంది అనుకుంటారు. ప్రైమరీ అనేది ముఖ్యంగా ప్యానెల్, డాక్ లాంటివి ఎక్కడ ఉండాలో చెబుతుంది. కొత్త విండో మాత్రం చాలా డెస్క్‌టాప్‌లలో మౌస్ పాయింటర్ ఉన్న తెర మీదో, అప్పటికి పని జరుగుతున్న విండో పక్కనో తెరుచుకుంటుంది.

ఎక్స్11 స్థానంలో వచ్చిన వేల్యాండ్‌లో సంగతి వేరు. మామూలు విండోకు తాను తెర మీద ఎక్కడుందో తెలియదు, ఫలానా చోటు కావాలని అడిగే వీలూ లేదు. ఫుల్‌స్క్రీన్‌కు వెళ్లేటప్పుడు మాత్రం ఫలానా మానిటర్ కావాలని కోరవచ్చు. ఈ పరిమితిని కావాలనే పెట్టారు. అందుకే ఎక్స్11 కాలపు డబ్ల్యూఎంకంట్రోల్ లాంటి పనిముట్లు వేల్యాండ్ విండోలను కదిలించలేవు. నియమం రాయాల్సింది ఇక్కడ విండో మేనేజర్ పని కూడా చేసే కంపోజిటర్‌లోనే.

ఈ పని అన్నిటికన్నా తేలికగా జరిగేది కేడీఈ ప్లాస్మాలో. సిస్టమ్ సెట్టింగ్స్‌లోని విండో రూల్స్‌లో కొత్త నియమం మొదలుపెట్టి, ‘డిటెక్ట్’ బటన్ నొక్కి కావలసిన విండో మీద క్లిక్ చేస్తే దాని వివరాలన్నీ వచ్చేస్తాయి. తరవాత ‘స్క్రీన్’ అనే లక్షణం చేర్చాలి. అక్కడ ‘ఫోర్స్’ ఎంచుకుంటే ఆ విండో ఆ తెరకే కట్టుబడి ఉంటుంది. ‘అప్లై ఇనీషియల్లీ’ అయితే తెరుచుకునేది అక్కడే అయినా, ఆపైన ఎటైనా లాక్కోవచ్చు. రోజువారీ పనికి రెండోదే మేలు. విండోను గుర్తుపట్టడానికి టైటిల్ మీద ఆధారపడకూడదు. బ్రౌజర్‌లో ట్యాబ్ మారితే టైటిలూ మారిపోతుంది, క్లాస్ పేరు మాత్రం అలాగే ఉంటుంది.

ఐ3, స్వే అనే విండో మేనేజర్లు వాడేవారు కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు వరుసలు రాస్తే చాలు: ఒకటి వర్క్‌స్పేస్‌ను మానిటర్‌కు కట్టేస్తుంది, మరొకటి ప్రోగ్రాంను ఆ వర్క్‌స్పేస్‌కు పంపుతుంది. కేబుల్ వేరే పోర్టులో గుచ్చితే అవుట్‌పుట్ పేరు మారుతుంది. అందుకే స్వేలో మానిటర్‌ను తయారీదారు, మోడల్, సీరియల్ నంబర్‌తో గుర్తించడం నమ్మకమైన దారి.

గ్నోమ్‌లో ఇలాంటి నియమాలకు సొంత సెట్టింగ్ లేదు. ‘ఆటో మూవ్ విండోస్’ ఎక్స్‌టెన్షన్ ప్రోగ్రాంలను వర్క్‌స్పేస్‌లకు పంపుతుందే గాని మానిటర్లకు పంపదు. అక్కడ అక్కరకొచ్చేది సూపర్, షిఫ్ట్ పట్టుకుని బాణం కీ నొక్కడం. విండో వెంటనే పక్క తెరకు వెళ్తుంది.