స్నానాల గది గోడకి చెమట పడితే

సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాడికి తాపీపని కబుర్లెందుకని మీరు నవ్వుకోవచ్చు. చేతులు కాల్చుకున్నవాణ్ణి కనుక చెబుతున్నాను.

మేం మస్కట్‌లో, అల్ ఖువైర్‌లో అద్దె ఇంట్లో ఉంటాం. కిందటేడు కాకినాడ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే, మోకాళ్ళ నొప్పుల నాన్నగారు బాత్‌టబ్ గట్టు దాటలేరని, దాన్ని తీయించి నేలమట్టంగా షవర్ కట్టించాను. ఇంటాయన సరేనన్నాడు, ఖర్చు మాత్రం నాదే. షవర్ వచ్చింది పడమటి గోడకి. ఎండాకాలం ఇక్కడ చన్నీళ్ళ కుళాయి తిప్పితే మిద్దెమీది ట్యాంకులోని వేణ్ణీళ్ళొస్తాయి. గీజర్ ఆపేసి, అందులో నిలవున్న నీళ్ళే చన్నీళ్ళనుకుని పోసుకుంటాం! గోడా అలాగే కాలుతుంది.

కెనడాలో ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయిని అడిగితే, "లోపలివైపు గ్లాస్ వూల్ పెట్టించు, దానిమీద ప్లాస్టిక్ షీటు, ఆపైన బోర్డు, టైల్స్" అన్నాడు. తు.చ. తప్పకుండా చేయించాను. ఆగస్టు వచ్చేసరికి గదిలో ముక్కవాసన. నాన్నగారికి రాత్రంతా దగ్గు. ఆ గోడవల్లేనని డాక్టరు అనలేదుగానీ, గది మూసేశాక తగ్గింది. టైల్స్ ఊడదీయిస్తే ప్లాస్టిక్ వెనక నీటి బొట్లు, తడిసి ముద్దయిన గ్లాస్ వూల్, నల్లటి బూజు.

అన్నయ్య చెప్పింది తప్పు కాదు, వాళ్ళ చలికి అది సరైనదే. అక్కడ ఇంట్లోని వెచ్చటి తేమ బయటి చల్లదనంవైపు పోతుంది. అందుకే లోపల ఆపుతారు. మా దగ్గర సముద్రపు ఉక్క బయట, ఏసీ చల్లదనం లోపల. 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి, సుమారు 29 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీరైపోతుంది. మా ఏసీ 24 మీద ఉంటుంది. చల్లటి మజ్జిగ గ్లాసుకి చెమట పట్టినట్టు ఆ ప్లాస్టిక్‌కి పట్టింది. రాత్రికి చల్లబడుతుందిలే అనుకోకండి. 2018 జూన్‌లో మాకు దగ్గరి ఖురియాత్‌లో ఒక రోజంతా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకి తగ్గనేలేదు.

అన్నీ పీకించి, బ్లాకు గోడమీదే సిమెంటు పూత, దానిమీద వాటర్‌ప్రూఫ్ కోటింగు రెండుసార్లు, మూలల్లో మెష్ టేపు, ఆపైన టైల్స్ వేయించాను. టైల్స్ నీటిని ఆపుతాయనుకుంటాం. ఆపేది కింది పూత. టైల్స్ వేయకముందే నేల గొట్టం మూసి, నీళ్ళు నింపి, ఒక రోజంతా ఉంచి చూడండి. మేస్త్రీ విసుక్కున్నా సరే. నేల వాలు మీటరుకి 2 సెంటీమీటర్లు. వేడిని ఆపే గట్టి థర్మోకోల్ లాంటి పలకలు మాత్రం గోడకి బయటివైపు, అతుకులు మూసి, జాలీ వేసి ప్లాస్టరింగ్ చేయించాం. బయటి గోడ అనేసరికి ఇంటాయన్ని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. ఎగ్జాస్ట్ ఫ్యాను స్నానమయ్యాక పావుగంట చాలు. రోజంతా తిప్పితే బయటి ఉక్కనే సందుల్లోంచి లోపలికి లాగుతుంది.

నాన్నగారు వచ్చే నెల మళ్ళీ వస్తున్నారు. షవర్ కింద ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంచమన్నారు.