పాత ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరుతో కాపురము
(వజ్రోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమనగానే పాఠశాలలందు మొదట వెదకబడునది బీరువాపై దుమ్ము పట్టిన ఆంప్లిఫయరు. ఉదయము ప్రార్థన, మధ్యాహ్నము ఉపన్యాసము, రాత్రి కుర్రవాండ్రు తెచ్చిన బాస్ గిటారు, అన్నిటి భారమును ఆ ఒక్క పెట్టెయే మోయవలెను.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బార్డీన్, బ్రటైనులు తొలి ట్రాన్సిస్టరును పని చేయించిరి. షాక్లీతో కలిసి వారు నోబెల్ బహుమతినందిన 1956వ సంవత్సరముననే రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రము నుండి మైసూరు రాష్ట్రమున చేరినది. అంతకు ముందటి గాజు వాల్వులు వేడెక్కువరకు పలుకవు, కుదుపునకు పగులును. ట్రాన్సిస్టరు మీట నొక్కిన వెంటనే పలుకును. అయితే దానికి వేడియే శత్రువు. నలువది డిగ్రీలు దాటు కల్మల ఎండలలో వెనుకనున్న అల్యూమినియము రెక్కలకు గాలి తగులవలెను. అందము కొరకు దానిపై అల్లిక గుడ్డ కప్పుట ఆదరము కాదు, అపకారము.

బాస్ గిటారు మంద్రతంత్రి సెకనుకు సుమారు 41 మారులు కంపించును. మాటల కొరకు చేసిన హారన్లు ఆ ధ్వనిని పలుకజాలవు. వినబడుట లేదని వాల్యూము పెంచినచో తరంగపు శిఖరము తెగి, నాదము చీలి, స్పీకరు చెడును. వాట్లు రెట్టింపైనను పెరుగునది 3 డెసిబెల్లే! పెద్ద శంఖువు గల స్పీకరును పెట్టెలో అమర్చి శ్రోతల చెంతకు జరుపుట మేలు.

పాత పెట్టె మూలుగునకు కారణములనేకము. వాల్యూము సున్నకు తెచ్చినను మూలుగు ఆగనిచో లోపలి కండెన్సర్లు ఎండినవని అనుమానింపవచ్చును. ఆగినచో దోషము తీగలోనో మైకులోనో వెదకవలెను. మర త్రిప్పినపుడు వచ్చు గరగర తరచుగా దుమ్ము వలన కలుగును. స్పీకరు తీగలు రెండును ఒకదానికొకటి తగిలినచో ట్రాన్సిస్టర్లు క్షణములో మాడవచ్చును. కాలిన ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టుట అన్నిటికన్న మూర్ఖత్వము.

ఇవన్నియు డబ్బుతో పోవు నష్టములు. డబ్బుతో పోనిది ఒకటి కలదు. సాకెట్టులో పట్టుట లేదని ప్లగ్గు ఎర్తు పిన్నును విరుచు అలవాటు మన ఊళ్ళలో చాల కనబడును. గిటారు లోహపు తంత్రులు ఆంప్లిఫయరు చట్రముతో కలిసియుండును. లోపల ఎక్కడనో తీగ తొడుగు చెడి, ఎర్తు లేకపోయినచో, ఆ విద్యుత్తు వాయించు బాలుని వ్రేళ్ళకు చేరును. అతని పెదవి వేరొక సెట్టు మైకునకు తగిలినచో అది రొమ్ము గుండ ప్రవహింపవచ్చును. కావున వేదికపై వాద్యములన్నియు సరియైన ఎర్తు గల ఒకే లైను నుండి తీసికొనవలెను. ఎర్తు సరిగానున్నదో లేదో కార్యక్రమమునకు ముందే ఎలక్ట్రీషియనుచే చూపింపవలెను. మూత విప్పుట విద్యార్థుల పని కాదు, ప్లగ్గు తీసిన తరువాతను కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండవచ్చును.

నేటి పెట్టెలలో భాగములు నువ్వుగింజలంతేసి యుండును. పాతదానిలో కంటికి కనబడును, టంకపు కడ్డీ పట్టిన మెకానిక్కు ఒక్కొక్కటిగా మార్చగలడు. అందుచేత కొత్తది కొనుటకు ముందు ఒకమారు అతనికి చూపుట న్యాయము. ట్రాన్స్‌ఫార్మరే మాడి, బాగుచేయు ఖర్చు కొత్తదాని వెలను మించినపుడు మాత్రము, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ప్రకారము నమోదైన రీసైక్లర్లకు అప్పగింపవలెను. చెత్తకుప్పలో వేసినచో టంకములోని సీసము మట్టిలో చేరును.