మనుమల పుస్తకము, మన పెరటి పాఠము



దీపాలు పెట్టిన వేళ ఆఱవ తరగతియో, ఎనిమిదవ తరగతియో చదువు బాలుడు విజ్ఞానశాస్త్ర పుస్తకమును విప్పి బిగ్గరగా వల్లించుచుండగా, అరుగుమీద కూర్చున్న తాతగారు “ఇది మనకు రాని చదువు” అని మొగము త్రిప్పికొనుట తఱచుగా జరుగుచుండును. నా యభిప్రాయము వేఱు. ఆ పుస్తకములో నున్న దానిలో పెక్కుభాగము తాతగారు తమ చేతులతో నెఱిగినదియే. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరొక్కటే ఆయనకు తెలియనిది.

మా చిన్ననాటి వాచకములలో ఆమ్లజని, బొగ్గుపులుసు గాలి, నత్రజని యను మాటలుండెడివి. ఇప్పుడు మొదటి రెంటిని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడు అనుచున్నారు. నేను పాతపేళ్లతోనే చెప్పెదను. మీరు మనుమలకు క్రొత్తపేళ్లతో చెప్పుడు.

మొదట మంచినీళ్ల కుండను చూడుడు. మట్టికుండకు కంటికి కనబడని రంధ్రములు లెక్కకు మిక్కిలిగా గలవు. వానిగుండ నీరు మెల్లగా బయటికూఱి ఆవిరి యగుచుండును. ఆవిరి యగుటకు వేడి కావలయును. ఆ వేడిని కుండనుండియు, కుండలోని నీటినుండియు తీసికొనును. మామూలు వేడిమియందు ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు ఇంచుమించు 580 కెలోరీల వేడి పట్టును. అనగా ఊఱిపోయిన యా యొక్క గ్రాము, బయటి వేడి సోకకుండెనేని, లోన నున్న 58 గ్రాముల నీటిని 10 డిగ్రీలు చల్లబఱుపజాలును. వైశాఖమున పడమటిగాలికి చల్లబడు కుండ శ్రావణమాసపు ముసురులో ఏల చల్లబడదు? గాలి యప్పటికే తేమతో నిండియుండుటచేత క్రొత్త యావిరికి చోటు చాలదు. అనంతపురమున చల్లబడినంతగా కాకినాడలో కుండ చల్లబడకుండుటకు నిదియే కారణము. కుండ యందముగా నుండవలెనని పైనంతయు రంగు పూయువారున్నారు. రంధ్రములు మూసికొనిపోవును, పిదప కుమ్మరిని నిందింతురు.

ఇక సున్నము. పిడుగురాళ్ల ప్రాంతమున సున్నపురాతిని బట్టీలలో కాల్చుట మీలో పెక్కురెఱుగుదురు. నూఱు పాళ్ల మేలైన రాయి కాలినయెడల 56 పాళ్ల సున్నము మిగులును. తక్కిన 44 పాళ్లు బొగ్గుపులుసు గాలియై పొగతో పోవును. ఆ సున్నమున నీరు పోసిన కుతకుత నుడుకును. అక్కడ నిప్పు లేదు, రసాయన సంయోగమే వేడి పుట్టించుచున్నది. గోడకు వెల్లవేసిన పిమ్మట అది గాలినుండి బొగ్గుపులుసు గాలిని మరల పుచ్చుకొని మెల్లమెల్లగా రాయి యగును. బాలునిచేత ఒక పరీక్ష చేయింపుడు. సున్నపు నీటిని తేరనిచ్చి, పైతేటను గాజు గ్లాసులోనికి వంచి, గొట్టముతో మెల్లగా ఊదింపుడు, పీల్వరాదు, కంటబడనీయరాదు. కొలది క్షణములలో తేట పాలవలె తెల్లబడును. మన యూపిరిలో ఆ గాలి యున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఈ గాలిని గుఱించియే కొంత నిలిచి చెప్పవలసియున్నది. ఇది మామూలు గాలికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువు. వాడకమాగిన బావిలో ఆకులు, అలములు క్రుళ్లునప్పుడు సూక్ష్మజీవులు ఆమ్లజనిని హరించి బొగ్గుపులుసు గాలిని విడుచుచుండును. గట్టుమీద గాలి వీచుచున్నను లోతున కదలిక యుండదు కావున అది యక్కడనే నిలిచిపోవును. పూడిక తీయుటకో, జారిపడిన చేద తీయుటకో దిగినవాడు సగము దారిలో కూలిపోవును. వానిని తీసికొనివచ్చుటకు తమ్ముడు దిగును. తమ్మునికొఱకు పొరుగువాడు దిగును. ఒకే బావి ఒకే పూట ఇద్దఱిని, ముగ్గుఱిని మ్రింగినప్పుడు జనులు దయ్యమనిరి, గంగమ్మ యాగ్రహమనిరి. దీపము మండుటకును, మనుష్యుడు బ్రదుకుటకును ఆమ్లజనియే కావలయునని బాలుడు చదువు పాఠములో నున్నది. ఆ పాఠము బావిగట్టుదాక రాలేదు.

పూర్వులు లాంతరు దింపి చూచెడివారు. దీపమాఱినచో దిగరాదు, ఇది నిజమే. కాని యాఱకున్నచో దిగవచ్చుననుట నిజము కాదు. విషవాయువున్నను దీపము మండుచునే యుండవచ్చును. క్రుళ్లినచోట మండెడి వాయువు కూడ పుట్టును. దానికి మంట తగిలిన ప్రేలవచ్చును. మరుగుదొడ్ల గుంటలకు నిప్పు చూపుట యెన్నడును కూడదు. క్రుళ్లిన గ్రుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు మిక్కుటమైనపుడు ముక్కునకు వాసన పట్టు శక్తినే చంపివైచును. వాసన పోయినదని ముందుకు దిగినవాడు మరల రాడు. కావున ఒకడు పడినచో పెద్దలు చేయవలసిన మొదటి పని, రెండవవానిని పట్టి యాపుట. గట్టునుండియే త్రాడు వదలుడు. 101కి గాని 112కి గాని ఫోను చేయింపుడు. అన్న లోన నుండగా తమ్ముని చేయి పట్టి యాపుట యెంత కఠినమో చెప్పనక్కఱలేదు. పడుచువాండ్రు ఒకరిమాట నొకరు వినరు. నెరసిన తల చెప్పిన వినవచ్చును.

పైరుల సంగతి మీకు చెప్పుట హనుమంతుని ముందు కుప్పిగంతులు. అయినను ఒక్క ముక్క. పూతకు వచ్చుచున్న మినుమునో, పెసరనో, జనుమునో మట్టితో సహా మెల్లగా తీసి వేళ్లు కడిగి చూడుడు, చిన్న బుడిపెలుండును. ఒకదానిని చీల్చినపుడు లోపల గులాబివన్నె కనబడినచో అది పనిచేయుచున్నదన్నమాట. అందలి సూక్ష్మజీవులు గాలిలో నూటికి 78 పాళ్లున్న నత్రజనిని పైరునకు పనికివచ్చు రూపమునకు తెచ్చును. కృష్ణా డెల్టాలో వరికోతకు కొలది దినములముందు మినుము చల్లుటలో ఈ లాభము గూడ ఇమిడియున్నది.

పంచాంగము చూచువారికి చంద్రుని కళలు సులభము. సూర్యచంద్రుల నడుమ ఎడము 12 డిగ్రీలు పెరిగిన ఒక తిథి. 30 తిథులకు 360. భూమి నీడయే చంద్రుని గప్పుచున్నదని ఆర్యభటుడు క్రీ. శ. 499 ప్రాంతముననే చెప్పెను. మఱి ప్రతి పూర్ణిమకు గ్రహణమేల లేదు? చంద్రుని బాట భూమి బాటకు ఇంచుమించు 5 డిగ్రీలు వంగియుండుటచేత, చాల పర్యాయములు ఆయన నీడకు పైగానో క్రిందుగానో తప్పుకొని పోవును. బాలుడీ ప్రశ్న వేయకపోయినచో మీరే వేయుడు.

కడపట పిడుగు. మెఱుపు కనబడినది మొదలు ఉఱుము వినబడువఱకు సెకనులు లెక్కించి మూడింట భాగింపుడు. ఇంచుమించు అన్ని కిలోమీటర్ల దూరమున మెఱసినదన్నమాట. వెలుగు తక్షణమే వచ్చును. ధ్వని సెకనుకు 340 మీటర్లే నడచును. ఉఱుము వినగానే మనము ‘అర్జునా, ఫల్గుణా’ అందుము. అనుటలో తప్పు లేదు. కాని యుఱుము వినబడునప్పటికి ఆ పిడుగు పడి ముగిసినది. భయపడవలసినది రాబోవు దానికి. లెక్క 30 లోపల నున్నచో పొలములో నుండరాదు. చింతచెట్టు క్రిందికిని, తాటిచెట్టు క్రిందికిని పోరాదు; ఎత్తైనదానిమీదనే పిడుగు తఱచుగా పడును, చెట్టునుండి ప్రక్కనున్న మనుష్యునిమీదికి దుముకును. గట్టి కట్టడములోనికి పోయి, చివరి యుఱుము వినబడిన పిమ్మట 30 నిమిషములు గడచువఱకు బయటికి రాకుడు. పశువుల కాపరులకు ఈ మాట ముందుగా చెప్పుడు. వానవేళ వారు చెట్టునే నమ్ముకొనియుందురు.

నాకిచ్చిన వేళ ముగిసినది. సెలవు.