సంధి పత్రము - మేడమీది సాక్షి
(నాయుడుపేట గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



శ్రీహరికోట నుండి రాకెట్టు లేచు దినమున నాయుడుపేటలో మేడ యెక్కి చూడనివారు అరుదు. అచటి తొలి రాకెట్టు 1971 అక్టోబరు 9వ తేదీన ఎగిరినది. నాడు చూచినది చూచినవాని జ్ఞాపకమునందే నిలిచెను. నేడు ప్రతి చేతిలోను ఫోను లేచుచున్నది. చూచిన దృశ్యము కాలముతోను, స్థలముతోను సహా చిత్రమై నిలుచుచున్నది. ఈ స్వల్ప భేదమే ఆయుధ నియంత్రణమునకు అక్కరకు వచ్చునా యని పెద్దలు కొంతకాలముగా విచారించుచున్నారు. 2012లో అమెరికా విదేశాంగ శాఖ ఈ ప్రశ్ననే ప్రజల ముందుంచి, ఉపాయము చెప్పుడని పోటీ పెట్టినది.

సంధిపై చేవ్రాలు చేయుట సులభము. అవతలివాడు మాట నిలుపుకొనుచున్నాడో లేదో సరిచూచుట కష్టము. 1963 నాటి మాస్కో ఒడంబడిక గాలిలోను, నీటిలోను, అంతరిక్షమునను అణుపరీక్షలను మాన్పినది గాని భూగర్భ పరీక్షలను విడిచిపెట్టినది. దూరమునుండి భూకంపమేదో ప్రేలుడేదో తేల్చుట దుష్కరమగుట అందుకొక కారణము. ఆ భేదమును పట్టుటకై 1965 ప్రాంతమున హిందూపురమునకు చేరువనున్న గౌరీబిదనూరులో బ్రిటిషువారి సహకారముతో కంపమాపక యంత్రములను రెండు వరుసలుగా నెలకొల్పిరి. అది కన్నడ సీమయైనను అచట తెలుగు మాట మెండు. ఒకే కంపము ఒక్కొక్క యంత్రమును ఒక్కొక్క క్షణమున తాకును. ఆ క్షణభేదమును బట్టి అది యే దిక్కునుండి వచ్చినదో తెలియును. ఒంటి యంత్రమునకు అది అలవికాదు.

ఫోన్ల సంగతియు నింతే. 2013 ఫిబ్రవరిలో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క ప్రేలినప్పుడు, కార్లలోని కెమేరాలకు చిక్కిన చిత్రములను, అందలి దీపస్తంభముల నీడలను పోల్చి శాస్త్రజ్ఞులు దాని మార్గమును గణించిరి. ఆ ఏడే ఆగస్టు 21న సిరియాలోని ఘూతాలో విషవాయువు ప్రయోగింపబడగా, పౌరులు చిత్రించిన రాకెట్టు శకలములనుండి నిపుణులు కొలతలు తీసిరి. అయినను చిత్రముతోనే తీర్పు కాలేదు. ఐక్యరాజ్యసమితి పరిశోధకులు అచటికి పోయి మట్టిని, రక్తమును పరీక్షింపించి అది సారిన్ అని నిర్ధారించిరి.

ఇక ఇంటి ముంగిటికి వత్తము. క్షిపణుల వ్యాప్తిని అరికట్టుటకై ఏర్పడిన హేగ్ నియమావళిలో భారతదేశము 2016లో చేరినది. అందు చేరిన రాజ్యములు క్షిపణులనే గాక అంతరిక్ష రాకెట్లనుగూడ ప్రయోగించుటకు ముందు తెలుపుట నియమము. రెండును ఒకే విద్య బిడ్డలు గదా! చెప్పిన వేళకు, చెప్పిన దిక్కునకు లేచినదా యనుటకు నాయుడుపేట, సూళ్ళూరుపేట మేడలపై తీసిన చిత్రములు చాలును.

కాని ఆ ఫోనే అబద్ధమును మోయగలదు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు వచ్చిరను వదంతి ఫోన్లలో ప్రాకి తెలుగునాట అమాయకులను కొట్టించినది. గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి తన సిబ్బందిని ఊరూరికి పంపి, పాటలు పాడించి, వచ్చిన చిత్రమును నమ్ముటకు ముందు విచారింపుడని చెప్పించినది. ఏనాటిదో ఒక క్షిపణి చిత్రమును నిన్నటిదని పంపినచో ఊరికి బదులు రెండు రాజ్యములు ఉలికిపడును. కావున చేతులు మారని మూలచిత్రము కావలెను. వేరు మేడనుండి వేరొకడు తీసినదియు దానికి తోడు రావలెను.

అంతకంటె జటిలమైన దొకటి కలదు. ఇంటి మేడనుండి ఎల్లరకు కనబడు మంటను చిత్రించుట వేరు. నిషిద్ధ ప్రదేశపు కంచె కడకు పోవుట వేరు. రెండవదానికి 1923 నాటి అధికార రహస్యముల చట్టము అడ్డు నిలిచియున్నది. దేశరక్షణకు అట్టి అడ్డు కొంత అవసరమే. అయితే తన రాజ్యమే సంధి తప్పినట్లు కనిన పౌరుడు ఏమి చేయవలెను? 1995లో నోబెల్ శాంతి బహుమానమందిన జోసెఫ్ రోట్‌బ్లాట్ దీనికొక మార్గము చెప్పెను: అట్టి విషయమును అంతర్జాతీయ సంస్థకు తెలుపుట పౌరుని హక్కనియు, తెలిపినవానిని శిక్షింపరాదనియు ప్రతి రాజ్యము తన చట్టములోనే వ్రాసికొనవలెనని. పరరాజ్యపు పౌరునికి ఆ హక్కు ఇమ్మని కోరుటకు అందరును సిద్ధమే. తన పౌరునికి ఇచ్చుటకే ప్రభుత్వములు వెనుదీయుచున్నవి.