మంచుసీమ కథలు రెండు



జాక్ లండన్ 1897లో బంగారమునకై కెనడా ఉత్తరమున నున్న క్లాండైక్ మంచుసీమకు పోయెను. బంగారము దక్కలేదు, 1903లో 'ది కాల్ ఆఫ్ ది వైల్డ్' అను నవల వెలువడెను. ఎండకాచు కాలిఫోర్నియా నుండి దొంగిలి కొనిపోయిన బక్ అను కుక్క మంచుబండి లాగుచు, దెబ్బలు తినుచు, సాధుగుణము విడిచి తుదకు తోడేళ్లలో కలిసెను.

పాదముల విద్యకు పేరొందిన కూచిపూడివారికి పాదలేపము కథ క్రొత్తది కాదు. పెద్దనామాత్యుని మనుచరిత్రమున ప్రవరుడు వేడుకకై హిమాలయమున కేగెను. మంచునీట లేపము కరగెను, ఇంటిదారి మూసికొనెను. తనతో నుండుమని వరూధిని వేడినను లొంగక, నిత్యము కొలిచిన అగ్నినే శరణువేడి ఇల్లు చేరెను.

బక్ మారి బ్రతికెను. ప్రవరుడు మారక బ్రతికెను. ఆపదలో ఏది విడువవలెనో, ఏది విడువరాదో తెలియుటకు ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదువుడు.