సగం ధర, పూర్తి పుస్తకం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సివిల్ ఇంజనీరుకు మైకు ఇస్తే వంతెనల గురించో డ్యాముల గురించో చెబుతాడని మీరు అనుకుని ఉంటారు. నేను పాత పుస్తకాల గురించి మాట్లాడతాను. మాలాంటి వాళ్లం ఇంజనీర్లం అయ్యామంటే అందులో వాటి వాటా చాలా ఉంది.

మన రోజుల్లో ఏడాది పరీక్షలు అయిన సాయంత్రమే బేరాలు మొదలయ్యేవి. పై తరగతి వాళ్ల పుస్తకం సగం ధర. అట్ట ఊడితే పావు ధర. ఇంట్లో అన్నయ్యో అక్కయ్యో ఉంటే బేరమే లేదు, వారసత్వమే. ధర సగమే కానీ పాఠాలు పూర్తిగా ఉండేవి. పైగా అంతకుముందు చదివినవాళ్లు పెన్సిలుతో రాసుకున్న అర్థాలు, కష్టమైన లెక్క పక్కన వేసిన దారి మనకు ఉచితం.

ఇంజనీరింగుకు వెళ్లాక కోఠి దుకాణాలు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు అలవాటయ్యాయి. ఆ రోజు షాపుల షట్టర్లు దించి ఉంటాయి కనుక వాటి ముందే పుస్తకాలు పరుస్తారు. విజయవాడ వెళితే లెనిన్ సెంటర్. తిమోషెంకో ‘స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్’, మాస్కో మీర్ పబ్లిషర్స్ వేసిన ఇరోడోవ్ ఫిజిక్స్ లెక్కలు నా చేతికి అలాగే వచ్చాయి. రాదుగ, ప్రగతి వాళ్లు తెలుగులో తెచ్చిన బొమ్మల కథల పుస్తకాలూ అక్కడే కొన్నాను. 1991లో సోవియట్ యూనియన్ పోయింది. ఆ ముద్రణలు కావాలంటే ఇప్పుడు పాత గుట్టల్లో వెతుక్కోవలసిందే. వెతుకుతుంటే మనకు కావలసింది దొరకదు, కావాలని మనకే తెలియనిది దొరుకుతుంది. ఆ ఆనందం వేరు.

పాత పుస్తకం కొనేటప్పుడు నేను చేసే పని ఒకటి చెబుతాను. పుస్తకం మూసి, పేజీల అంచు చూడండి. ఒకచోట మాసిన చార కనిపిస్తుంది. వేళ్లు ఎక్కువ తగిలిన పేజీలవి. ముందు చదివినవాళ్లు ఎక్కడ కష్టపడ్డారో, ఏది పనికొచ్చిందో ఆ చార చెబుతుంది. తర్వాత చివరి పేజీలు, మడత పటాలు ఉన్నాయో లేదో చూడండి. మొదట చిరిగిపోయేవి అవే.

పాతదంతా బంగారం అని మాత్రం నేను అనను. కాంక్రీటు పనికి మేం వాడే ఐ.ఎస్. 456 కోడ్ 1978లో ఒకసారి, 2000లో మరోసారి మారింది. పాత కోడ్ పెట్టుకుని ఈరోజు ఇల్లు కట్టకూడదు. కానీ దూలం ఎందుకు వంగుతుందో చెప్పిన తిమోషెంకో పాఠం మారలేదు. ఏది కాలం చెల్లిందో, ఏది చెల్లలేదో తెలుసుకోవడం కూడా చదువే.

ఇక బాగుచేయడం. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్లకు అది పసుపెక్కి, జిగురు కాగితంలోకి దిగుతుంది. ఊడిన ఫారాలను వరుసలో పెట్టి, దబ్బనంతో, గట్టి దారంతో కుట్టాలి. వీపుకు పలచని గుడ్డ అంటించి, అట్టలు వేసి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. జిగురుకు మైదా ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా బైండర్లు అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం కనుక ఆ పని పెద్దవాళ్లే చేయాలి. మర్నాడు పుస్తకం తెరిస్తే, కొత్తది కొన్నప్పుడు కలగని తృప్తి కలుగుతుంది.

ఇదంతా ఈ సభలో ఎందుకు చెబుతున్నానంటే, మన లైబ్రరీ బీరువాల్లోని పుస్తకాలను తూకానికి ఇచ్చేసి ఆ గదిని కంప్యూటర్లకు కేటాయించాలన్న ఆలోచన కమిటీ ముందుంది. కంప్యూటర్లు రావలసిందే. అందులో నా చందా కూడా ఉంటుంది. నేను అడిగేది రెండు ఆదివారాలు. మొదటి ఆదివారం పుస్తకాలను మూడు గుట్టలు చేద్దాం: ఉంచవలసినవి, కుట్టవలసినవి, నిజంగా కాలం చెల్లినవి. మూడో గుట్టను తూకానికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. రెండో ఆదివారం ఇప్పటి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని కుడదాం. దారం, అట్టలు, గుడ్డ ఖర్చు నాది. బీరువాలు పట్టడానికి వరండా చివర చోటుంది, కొలిచి చూశాను.

కిలో లెక్కన అమ్మితే ఆ కాగితానికి వచ్చే డబ్బు ఈ రోజు మనం తాగిన టీ ఖర్చుకు చాలుతుందేమో. కానీ వాటి వెనక అట్టకు అంటించిన చీటీల్లో మన రోల్ నంబర్లు, తీసుకున్న తేదీలు ఉన్నాయి. మనం ఇక్కడ చదివామనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

వచ్చేటప్పుడు మీ ఇంటి నుంచి తలా ఒక పుస్తకం తీసుకురండి. మీరు గీసిన గీతలు చెరపకండి. తర్వాత చదివేవాళ్లకు పనికొస్తాయి.

సెలవు.