ఈ పని ఎంతకాలం నుండి చేస్తున్నారు?

ఈ ఉదయం మనం ఇటలీ దేశంలోని పెరూజా అనే పట్టణానికి వెళ్దాం. కొండమీద కట్టిన పాత పట్టణమది. అక్కడ పరదేశుల కోసమే ఒక విశ్వవిద్యాలయం ఉన్నది. 1921లో తరగతులుగా మొదలై, 1925లో విశ్వవిద్యాలయమైంది. ఇటాలియన్ నేర్చుకోవడానికి అనేక దేశాల పిల్లలు వస్తారు. ఇటువంటి తరగతుల్లో ఉపాధ్యాయులు ఒక్కోసారి పుస్తకాలు మూయించి, "బజారుకు వెళ్ళి, ఒక దుకాణదారునితో ఆయన పని గురించి మాట్లాడి రండి" అని పంపుతారు.

మన తెలుగు పిల్ల ఒకతె వెళ్ళిందనుకోండి. మొదటి కష్టం భాష కాదు, బిడియం. మనకు కొట్టాయన్ను "బాబాయ్" అని పిలిచే చనువుంది. అక్కడ ముందు "బువొన్ జోర్నో" అని పలకరించి లోపలికి వెళ్ళాలి. పలకరించకుండా సరుకును ముట్టుకుంటే మర్యాద కాదు. మన "నువ్వు, మీరు" లాగే వాళ్ళకూ "తూ, లేయి" ఉన్నాయి. పెద్దవారిని "లేయి" అనాలి. ఇది మనవాళ్ళకు సుళువు. మాటలు అచ్చులతో ముగియడంలో కూడా మన భాషకు ఆ భాష దగ్గరే కదా.

"ద క్వాంతో తెంపో ఫా క్వెస్తో లవోరో?" అంటే, "ఈ పని ఎంతకాలం నుండి చేస్తున్నారు?" అని. మనలాగే వాళ్ళూ "చేస్తున్నారు" అనే అంటారు. ఇంగ్లీషులో ఆలోచించేవాడు ఇక్కడ తడబడతాడు, తెలుగులో ఆలోచించేవాడు తడబడనక్కర్లేదు.

ఈ ప్రశ్న రొట్టెలు చేసే ఆమెను అడిగితే, ఊరంతా నిద్రపోతుండగా పిండి కలిపే సంగతి చెప్తుంది. "మీ రొట్టెలో ఉప్పు లేదేమండీ?" అని కూడా అడిగితే ఇక కథే! 1540లో పోపు మూడవ పౌలు ఉప్పు మీద పన్ను పెంచాడు. పెరూజా ప్రజలు తిరగబడి ఓడిపోయారు. ఆయన వాళ్ళ ఇళ్ళను కూల్చి, వాటి మీదే పెద్ద కోట కట్టించాడు. అప్పటి పౌరుషంతోనే మేము ఉప్పు మానేశామని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. చరిత్రకారులందరూ ఒప్పుకోరు. అయినా ఆ రొట్టె, ఆ ప్రాంతపు ఉప్పటి పందిమాంసంతో చక్కగా కుదురుతుంది. పందిమాంసం కొట్లో "ఒక ఎత్తో" అడిగితే వంద గ్రాములు తూచి ఇస్తారు.

గమనించండి, ఆ పిల్ల వెళ్ళింది భాష కోసం. కౌంటరు వెనుక మనిషి రోజంతా వినేది "ఎంత?" అనే మాటే. సూపర్ బజార్లు వచ్చాక అటువంటి చిన్న కొట్లు ఇటలీలో చాలా మూతపడ్డాయి. అలాంటి మనిషిని పని గురించి ఎవరైనా అడిగితే, విరిగిన భాషైనా సరే, ఓపికగా దిద్ది మరీ జవాబిస్తారు. కొందరు దయతోనే ఇంగ్లీషులోకి మారిపోతారు. అప్పుడు "దయచేసి ఇటాలియన్‌లోనే చెప్పండి" అని బతిమాలుకోవాలి. వరుసలో జనం నిలబడి ఉంటే మాత్రం ఆగాలి. సంపాదన ఎంత అని అడగకూడదు. మనవాళ్ళు మొదట అదే అడుగుతారు, అందుకని చెప్తున్నాను!

పని మనుషుల్ని కలపడం కొత్త కాదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులను కలిశాడు. యూదులు రోమా విడిచి వెళ్ళాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించినందున, వాళ్ళు ఇటలీ నుండి అప్పుడే వచ్చారు. పౌలుదీ వాళ్ళదీ డేరాలు కుట్టే వృత్తే. అందుకనే వాళ్ళ ఇంట్లో ఉండి పనిచేశాడు. వాళ్ళ మొదటి సంభాషణ సూది, తోలు, బట్ట గురించే అయి ఉంటుందని నేననుకుంటాను.

అకుల కూడా పుట్టుకతో ఇటలీవాడు కాదు, పొంతు దేశస్థుడు. నేడు ఇటలీ పట్టణాల్లో కూరగాయల కొట్టు నడిపే మనిషి బంగ్లాదేశ్ నుండి వచ్చినవాడు కావచ్చు. మన విద్యార్థిని అతణ్ణి ఆ ప్రశ్న అడిగితే, అతడు ఒక్క క్షణం ఆగి, ముందు తన ఊరి పేరు చెప్తాడు. ఆ భాషను అతడూ కౌంటరు వెనుక నిలబడే నేర్చుకొని ఉంటాడు.